టేపుకంఠుని చేపనూనె సమరం

ఓ త్రేన్పుదేవీ, ఉదరగహ్వరమున పుట్టి, కంఠమార్గమున పయనించి, నలుగురు పెద్దలు కూర్చున్న చోటనే అదను చూచి ప్రత్యక్షమగు తల్లీ, నా కలమునకు కొంచెము దూరముగా కూర్చుండి ఈ కథ చెప్పించుము. మరీ దగ్గరగా వద్దు. నీ సంగతి నాకు తెలియును.

వానలు వెనుదిరిగి, చలి యింకను గడప తొక్కని వేళ, తెల్లవారి వెలుగు ఇస్త్రీ చేయని చొక్కావలె ముడుతలు ముడుతలుగా వీధిపై పరచుకొనుచుండగా, పాలబండి గంటయు, పైకి లేచు షట్టర్ల గర్జనయు, కుళాయి దగ్గర బకెట్ల రణధ్వనియు ఏకమై మ్రోగుచుండగా, ఇటు మందుల దుకాణమునకును అటు బూట్లు కుట్టు కొట్టునకును నడుమ, ముందు గది కొట్టు, వెనుక గది ఇల్లు, మధ్యన పూల తెర ఒక్కటే గోడగా గల ఒక కుట్టుకొట్టులో, ముల్లోకములు ఎరుగకపోయినను ఆ వీధి మొత్తము ఎరిగిన మహాయుద్ధమొకటి రాజుకొనెను.

ఆ యుద్ధనాయకుడు ఎవడనగా, కొట్టు యజమానియైన దర్జీ. శివునికి మెడలో పాము ఎట్లో ఇతనికి మెడలో టేపు అట్లు. స్నానమునకు తప్ప తీయడు. కావున ఇతనిని టేపుకంఠుడందుము. కత్తెర ఇతని ఖడ్గము, వేలికి తొడుగు రేకుటోపీ ఇతని శిరస్త్రాణము, కాలి కింద ఊగు కుట్టుమిషను ఇతని రథము.

శత్రువు ఎవడనగా, ఒక చెంచా. చెంచాలో చేపనూనె.

నవ్వకుడు. కారణము వినుడు.

కత్తెర మొన చూచి బట్టల తానులే వణకు ఆ వీరునికి ఒక రహస్యశోకము కలదు. ఉదయము నిద్ర లేచునప్పటికి అతని వేళ్ళు కొయ్యచీలలవలె బిగుసుకొనియుండును. పిడికిలి మూయబోయిన మూతపడదు, మూసిన తెరచుకొనదు. సూదిలోనికి దారమెక్కించుటకు ఒకప్పుడు కన్నుమూసి తెరచునంత కాలము పట్టెడిది. ఇప్పుడు టీ చల్లారునంత కాలము పట్టుచున్నది. అతనికి పని నేర్పిన మేనమామ వేళ్ళును ఇట్లే బిగిసి బిగిసి, తుదకు ఆయన పెద్ద బజారులోని రెడీమేడు కొట్టు వాకిట కుర్చీ వేసికొని, వచ్చిన వారికెల్ల తలుపు తీయు ఉద్యోగములో చేరెను. సూది పట్టిన చేయి తలుపు పట్టెను. ఆ కుర్చీ టేపుకంఠుని కలలోనికి తరచుగా వచ్చుచుండెను. కలలో కుర్చీ ఖాళీగా ఉండెడిది.

ఈ సంగతి అతడు ఎవరికిని చెప్పలేదు. సూదులు మాత్రము పదే పదే జారిపడుట భార్య చూచెను. కాజాలు కుట్టుటలో ఆ వీధికి మొనగత్తె, మొగుని దాపరికములు విప్పుటలో అంతకు మించిన నేర్పరి యైన ఆ ఇల్లాలు అతనిని వెంటబెట్టుకొని డాక్టరు వద్దకు దండయాత్ర వెళ్ళెను.

“చూడమ్మా, ఇది మంత్రమేం కాదు,” అని డాక్టరు మొదటనే సంధి మాటలాడెను. “నేనిచ్చిన మాత్రలు మానకూడదు. వాటితో పాటు చేపనూనె తాగితే కొందరికి కీళ్ళ బిగుతు కాస్త తగ్గుతుంది. కొందరికి తగ్గదు. రోజూ ఒక చెంచా, ఏదైనా తిన్నాక, రెండు మూడు నెలలు ఓపిగ్గా తాగి చూడాలి. మంచిది కదా అని రెండు చెంచాలు తాగించేవు, వద్దు.”

ఇంతటి మితభాషణము ఇంటి గుమ్మము దాటి లోనికి వచ్చునప్పటికి పురాణమయ్యెను. ఏలయన, లోపల అత్తగారు ఉండెను. ఆమె దర్జీకి అత్తగారు, బొత్తాములు ఏరుటలో సిద్ధహస్త, ఏరని వేళల వైద్యశాస్త్ర పారంగత.

“కీళ్ళకొక్కటేనా?” అనెను అత్తగారు, సీసాను వెలుతురుకెత్తి చూచుచు. “కళ్ళకి, గుండెకి, జుట్టుకి, కోపానికి. మా పెదనాన్న రోజూ తాగేవాడు. ముసలాడైనా పళ్ళతో తాడు కొరికేవాడు.”

“ఆయనవి కట్టుడు పళ్ళు కదమ్మా,” అనెను కూతురు.

“ఎవరి పళ్ళైతేనేం. తాడు తెగిందా లేదా?”

సీసా మూత తెరుచుకొనెను. ఆహా, ఆ గంధమును ఏమని వర్ణింతును. నడిసముద్రమున వలలో పడి, ఒడ్డున ఎండలో పడి, తనను పట్టినవాని పైన అలిగి, ఆ అలుకను నూనెగా మార్చుకొన్న సమస్త మత్స్యజాతి యొక్క దీర్ఘనిశ్వాసము ఆ గదిలో విడువబడెను. గోడమీది క్యాలెండరు రెపరెపలాడెను. అది ఫ్యాను గాలికే కావచ్చును. కవి పందెము కాయడు.

స్వర్ణవర్ణ శోభితమై, చిక్కగా, నింపాదిగా, తొణకక బెణకక చెంచా అతని మీదికి నడిచివచ్చెను. అప్పుడు టేపుకంఠుడు మనసున ఇట్లు గర్జించెను: “ఓరీ చెంచాధమా, ఊరి జనుల కొలతలెల్ల ఈ మెడలో మోయువాడను, పెండ్లికొడుకుల పొట్టలను కోట్లలో ఇమిడ్చినవాడను, నీవంటి అరచెయ్యెడు లోహఖండమునకు నోరు తెరతునా?” పైకి మాత్రము ఇట్లనెను.

“రేపట్నుంచి మొదలెడదామా?”

“నోరు తెరవండి.”

“అది కాదే, అంతటి శివుడు హాలాహలం తాగి గొంతులోనే ఆపేశాడు. నేనెంతవాణ్ణి చెప్పు.”

“ఆయనకి కీళ్ళనొప్పులు లేవు. తెరవండి.”

తెరచెను. చెంచా ప్రవేశించెను. నాలుక వెనుకంజ వేసెను, కొండనాలుక కోటతలుపులు మూసెను, కనుల నుండి జలధార, ముక్కు నుండి వాయువు, తుదకు నోటి నుండి ఆ నూనె యావత్తు బాణవేగమున వెలువడి, ఎదుట వ్రేలాడుచున్న ఒక గుమాస్తాగారి తెల్లప్యాంటు మోకాలి మీద పతాకవలె నిలిచెను. మొదటినాటి యుద్ధమున విజయము చెంచాదే.

రెండవనాడు వీరుడు కపటమునకు దిగెను.

“మీరిద్దరూ అలా గుడ్లప్పగించి చూస్తుంటే నాకు దిగదు,” అనెను. “ఇటివ్వు. కొట్టులో నిలబడి తాగుతా.”

పూల తెర వెనుకకు పోయెను. అచట మిషను కాళ్ళ నడుమ, సొట్టలు పడి, పొడుగు ముక్కు గల ఒక పాత డబ్బా కలదు. ఒకప్పుడది మిషనునూనె డబ్బా. నూనె అయిపోగా, కొత్తది కొని అరమీద పెట్టి, దీనిని పారవేయుటకు బద్ధకించి వదలివేసెను. టేపుకంఠుడు అటునిటు చూచి, వంగి, మూత తీసి, చెంచాలోని నూనెను అందులో ఒంపెను. పిమ్మట నోటితోనే ఒక గుటక చప్పుడు చేసెను. అబ్బా అని మూల్గెను. మూతి తుడుచుకొనెను. రంగస్థలమున అడుగిడి ఉండిన ఎంత పేరు వచ్చెడిదో.

ఇదియే నిత్యకృత్యమయ్యెను. డబ్బా నిండగానే దూరముగా ఎచటనో పారబోయుదునని అతని ఎత్తుగడ.

“వేళ్ళెలా ఉన్నాయి?” అని భార్య అడుగును.

“కాస్త నయమే,” అని మొదటి వారము చెప్పెను. అబద్ధము మొలక వంటిది, నీరు పోయకున్నను పెరుగును. “కాస్త” పోయి “బాగా” వచ్చెను. ఆమె ముఖమున దీపము వెలిగెను. ఆ దీపము చూచుట కొరకే అతడు మరునాడు ఇంకొంచెము నయము చేసికొనుచుండెను.

ఆమె మనసున మాట దాగదు. కుళాయి దగ్గర చెప్పెను, కూరగాయల బండి దగ్గర చెప్పెను, బట్టలు ఇచ్చిన వారికి చిల్లరతో పాటు చెప్పెను. ఇస్త్రీ ఆవిడ సీసా కొనెను. బూట్లు కుట్టువాడు కొనెను.

“నీ మాట మీద తాగుతున్నానక్కా,” అనెను బూట్లవాడు ఒకనాడు తెర పక్కన నిలిచి. “నాకైతే త్రేన్పులు తప్ప ఇంకేం రావట్లేదు.”

“ఓపిక పట్టాలి తమ్ముడూ. మా ఆయన్ని చూడు.”

అత్తగారు బొత్తాముల పళ్ళెములోనుండి తలయెత్తెను. “తాగిన ప్రతివాడికీ త్రేన్పులొస్తున్నాయి. అల్లుడికి ఒక్కటీ రాదేం?”

“ఆయన ఒళ్ళు అలాంటిది,” అనెను కూతురు గర్వముగా.

తెర వెనుక టేపుకంఠుడు గొంతు సవరించుకొని, ఒక దొంగ త్రేన్పు తేబోయి, విఫలుడై, దగ్గెను.

ఇట్లుండగా ఆ ఇల్లాలికి ఒక దయ పుట్టెను. మిషను డబ్బా అడుగు నొక్కి చుక్క చుక్కగా నూనె వేయుట వేళ్ళకు శ్రమ. ఇప్పుడిప్పుడే నయమగుచున్న వేళ్ళాయె.

“మిషనుకి నూనె ఇక నేనే వేస్తాలెండి. మీరు లేచేలోపే వేసేస్తా.”

“సరే,” అనెను అతడు, కత్తిరింపు మీదనుండి చూపు మరల్చక. అరమీద కొత్త డబ్బా ఉన్న సంగతి అతడు చెప్పలేదు. కింద సొట్ట డబ్బా నిండుగానే కనబడెను గనుక ఆమె వేరొకటి వెదకలేదు. ఇల్లంతయు చేపనూనె కంపే గనుక మిషను కంపు విడిగా ఎవరి ముక్కునకును తట్టలేదు.

పిల్లుల ముక్కునకు తట్టెను.

ఒకనాటి ఉదయము షట్టరు లేపగానే మార్జారసేన మోహరించి కనబడెను. తోక తెగిన గోధుమరంగు సేనాని నడుమ, ఒంటికంటి బూడిదరంగు వృద్ధయోధుడు కుడివైపున, బూట్లవాని పెంపుడు తెల్లపిల్లి, అంతవరకు అతి మర్యాదస్థురాలని పేరు పొందినది, ఎడమవైపున. ఎవరును అరవలేదు. అందరును మిషను వంక చూచుచుండిరి.

“బట్టలు కుట్టించుకోడానికొచ్చాయా ఏమిటి?” అనెను అత్తగారు, గజము కర్ర చేతబట్టి.

అంతలో ఆ సేనను చీల్చుకొని బాకా మాస్టారు ప్రవేశించెను. ఆయన వాద్యబృందమున బాకా ఊదువాడు, బుగ్గలకు తగిన పొట్ట కలవాడు. చేతిలో ఉన్న ఒకే ఒక నల్లకోటు పొట్టకు చాలక పక్క కుట్లు విడిచి వచ్చినది.

“సాయంత్రం పార్కులో కచేరీ. కోటు లేకుండా నన్ను వేదిక ఎక్కనివ్వరు,” అనెను. “మీ వేళ్ళు బాగయ్యాయని మీ ఆవిడ చెప్తేనే ఇటొచ్చాను. లేకపోతే ఆ రెడీమేడు కొట్టుకే పోయేవాణ్ణి. అక్కడ తలుపు కూడా తీసిపెడుతున్నారట.”

ఆ చివరి మాట టేపుకంఠుని గుండెలో గుండుసూదివలె దిగెను.

“సాయంత్రానికి సిద్ధం, మాస్టారూ.”

కోటు కుట్లు విప్పెను, పక్కలకు గుడ్డ చేర్చెను, రథమెక్కెను, పాదము మోపెను. రథము కదలలేదు. మరల మోపెను. చక్రమును చేత తిప్పెను. జిగురులో చిక్కిన ఈగవలె సూది సగము దిగి నిలిచెను. చేపనూనె కూడ నూనెయే గాని, గాలి తగిలి ఆరినకొలది అది నూనె వ్రతము విడిచి బంక వ్రతము పట్టును. మిషను కీలు కీలునను తేనెరంగు బంక గడ్డకట్టియుండెను.

“బెల్టు తెగిందా?” అనెను భార్య తెర తొలగించి.

“లేదు. ఇరుక్కుపోయింది.”

“అదేమిటి, పొద్దున్న కూడా నూనె వేశానే.”

టేపుకంఠుని చేయి చక్రము మీదనే ఆగెను.

“ఏ డబ్బాలోది?”

“కింద సొట్ట డబ్బా ఉందిగా, నిండుగా.”

అంతలో ఒంటికంటి వృద్ధయోధుడు మెల్లగా బల్లమీదికి దూకి, మిషను తలను ఆప్యాయముగా నాకనారంభించెను. అత్తగారు డబ్బా నెత్తి, ముక్కు దగ్గర పెట్టుకొని, దించి, అల్లుని వంక చూచెను.

“అల్లుడుగారూ, కీళ్ళనొప్పులు మిషనుకా మీకా?”

భార్య బల్ల మీది కోటును తీసికొని, స్టూలు లాగికొని కూర్చుండి, సూదిలో దారమెక్కించి, పక్క కుట్టు చేత్తోనే వేయసాగెను. ఆమె తిట్టియుండిన అతడు ఒక వీరోచిత ప్రత్యుత్తరము చెప్పియుండెడివాడు. తిట్టలేదు.

“ఎప్పట్నుంచి?” అనెను తలయెత్తకయే.

“మొదటి రోజుది తప్ప అన్నీ ఆ డబ్బాలోనే.”

“మరి నయమైందన్నారు. నేను వీధంతా చెప్పుకొచ్చాను.”

“నువ్వు సంతోషపడుతున్నావని.”

“అంత కంపా అది? ముక్కు మూసుకుంటే పోయేదానికి?”

అతడు చాలాసేపు టేపు కొసను వ్రేలికి చుట్టుకొనుచు కూర్చుండెను. చుట్టుకొనుట సరిగా కుదరలేదు.

“కంపుకి కాదు. మావయ్య కూడా అన్నీ తాగాడు. ఎవరేం చెప్తే అది తాగాడు. అన్నీ అయిపోయాకే వెళ్ళి ఆ తలుపు దగ్గర కూర్చున్నాడు. సీసా అరమీద ఉన్నన్నాళ్ళూ, తాగితే తగ్గుతుందిలే అనుకోవచ్చు. తాగాక కూడా తగ్గకపోతే, ఇంకేం అనుకోను?”

ఇచట కవికి సమాసము దొరకలేదు. కొంచెము ఆగెను.

అత్తగారు బొత్తాముల పళ్ళెములో వ్రేళ్ళు పెట్టి కలుపుచుండెను. భార్య దారము కొరికి ముడి వేసెను.

“తాగకుండా తగ్గిందని చెప్పారు, నమ్మాను,” అనెను. “తాగి తగ్గలేదని చెప్పండి, వింటాను. తగ్గకపోతే సూది నేను పడతా, కత్తెర మీరు పట్టండి. కొట్టు మనది. ఇందులో తలుపు తీసేవాడి కుర్చీ లేదు, వెయ్యను కూడా. ముందు ఆ కిరసనాయిలు అందుకోండి. మిషను కడగాలి.”

తరువాతి ఘట్టము సముద్రమథనమునకు తీసిపోదు. మిషను తలక్రిందులయ్యెను. కిరసనాయిలు ధారలుగా పోసిరి. అతడు కీలు కీలును చూపుచుండగా ఆమె పాతగుడ్డతో, పుల్లతో, తుదకు తల పిన్నుతో బంక తీయుచుండెను. గుమ్మమున అత్తగారు గజము కర్ర అడ్డము పెట్టి మార్జారసేనను ఒంటరిగా నిలువరించెను. “పొండి, ఇది ఆస్పత్రి కాదు,” అనుచు ఆమె వేసిన కేకలు ఇస్త్రీ కొట్టు వరకు వినబడెను. చక్రము మొదట గింజుకొనెను, పిమ్మట కిర్రుమనెను, పిమ్మట, అరమీది కొత్త డబ్బాలోని అసలు నూనె పడగానే, తిరిగెను. ఒక పక్క చేతికుట్టుతో, మరియొక పక్క మిషనుకుట్టుతో, ఎండ వాలునప్పటికి కోటు పొట్టకు సరిపోవునట్లు తయారయ్యెను.

బాకా మాస్టారు తొడిగికొని, బొత్తాము పెట్టి, ముక్కు ఎగబీల్చెను. “ఏమిటో వాసన?”

“ఆరోగ్యం, మాస్టారూ,” అనెను అత్తగారు.

ఆయన పార్కు వైపు నడచుచుండగా, వెనుక గోధుమరంగు సేనాని, ఆ వెనుక వృద్ధయోధుడు, తెల్లపిల్లి, మిగిలిన కాల్బలము వరుస తప్పక సాగెను. కచేరీ ముగియువరకు అవి వేదిక అంచున కదలక కూర్చుండెనట. జంతువులను సైతము కట్టిపడవేసిన వాద్యమని మరునాడు జనులు చెప్పుకొనిరి. మాస్టారు కాదనలేదు.

మరునాటి ఉదయము. అదే చెంచా, అదే స్వర్ణవర్ణము, అదే దీర్ఘనిశ్వాసము. పూల తెర పక్కకు లాగి కట్టబడెను. టేపుకంఠుడు స్టూలు మీద కూర్చుండి, టేపు రెండు కొసలను సారథి పగ్గములు పట్టినట్లు పట్టుకొని, ఈ మారు మనసున కాక పైకే పలికెను.

“దిగకపోతే?”

“మళ్ళీ పోస్తా.”

“దిగినా వేళ్ళు తగ్గకపోతే?”

“నిన్ననే చెప్పాగా. గొంతులో ఆపకండి, అంతే.”

కనులు మూసెను. నోరు తెరచెను. చెంచా కోటలో ప్రవేశించెను. నాలుక అడ్డుపడెను, కొండనాలుక తలుపులు బిగించెను, కడుపు కింది నుండి వద్దు వద్దని దూతలను పంపెను. వీరుడు రెండు పాదములతో నేలను అదిమి, చెవులు ఎర్రబడ, మెడనరములు తాళ్ళై లేవ, ఊపిరి బిగబట్టి, ఒక్క గుటకలో, నిజమైన గుటకలో, శత్రుసైన్యమును పాతాళమునకు త్రోసెను.

“నాలుక ఎత్తండి,” అనెను భార్య.

ఎత్తెను. ఆమె కింద చూచెను, పక్కల చూచెను.

“ఏవీ వేళ్ళు?”

అతడు పిడికిలి మూయబోయెను. చూపుడువేలు వంగెను. చిటికెనవ్రేలు నిన్నటివలెనే నిలబడెను.

“తగ్గలేదు,” అనెను.

“సరే,” అనెను ఆమె. “మొదటి చెంచాకే తగ్గదులెండి.” ఆ మాట అనునప్పుడు ఆమె ముఖమున వెలిగిన దీపము, అబద్ధములన్నిటికిని కలిపి వెలిగినదానికన్న పెద్దది.

“నోట్లో లేదు సరే,” అనెను అత్తగారు మూలనుండి. “లోపలికెళ్ళిందని ఏమిటి నమ్మకం? ఈయన గుటక మనం వినందా?”

అప్పుడు, నాలుగు దిక్కులు ఆలకించుచుండగా, ఉదరగహ్వరమున పుట్టి, కంఠమార్గమున పయనించి, వీథిలోని బూట్లవాడు సుత్తి ఆపి తలయెత్తునంతటి స్వచ్ఛమైన, సుదీర్ఘమైన, మత్స్యగంధభరితమైన త్రేన్పు ఒకటి విజయశంఖమై మ్రోగెను.

“తాగాడు,” అని అత్తగారు బొత్తాముల పళ్ళెము పక్కన పెట్టెను.

వినుడు, వీథిజనులారా. ఒక చెంచాడు చేపనూనె ఒక దర్జీ గొంతు దిగెను.